మిస్సైల్ తయారు చేసేది డీఆర్‌డీఓనా, బీడీఎల్‌నా? మావాణ్ణి అటు పంపొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కాంచన్‌బాగ్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. మిస్సైల్ పరీక్ష జరిగితే టీవీలో డీఆర్‌డీఓ పేరు చెప్తారు, షేర్ల గురించి మాట్లాడేవాళ్ళు బీడీఎల్ అంటారు. అసలు చేసేది ఎవరు, ఆ గోడల లోపల ఏం జరుగుతుంది, పక్కనే కాపురం ఉండటం ప్రమాదమా? చివరగా, మెకానికల్ డిప్లొమా రెండో ఏడాది చదువుతున్న మీ అబ్బాయి అక్కడే పని చేస్తానంటున్నాడు, పంపొచ్చా?

ముందు సూటిగా జవాబు. రూపకల్పన రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓది, ఉత్పత్తి బీడీఎల్‌ది, లోపలి విడిభాగాల్లో ఎక్కువ భాగం వందలాది చిన్నా పెద్దా ప్రైవేటు కంపెనీలవి. ఇంటి గురించి అంత భయం అక్కర్లేదు, కానీ ఒక కాగితం చూసుకోవాలి, దాని సంగతి కింద చెప్తాను. అబ్బాయి విషయానికొస్తే, పంపొచ్చు. అయితే అక్కడ చేసే పని వాడు ఊహించుకుంటున్న పని అయి ఉండదు.

నేను బీడీఎల్ ఉద్యోగిని కాదు. బాలానగర్‌లో ఒక ప్రైవేటు మెషీనింగ్ కంపెనీలో 26 ఏళ్ళు ఇన్‌స్పెక్షన్‌లో పని చేసి రిటైరయ్యాను. మా పార్టుల్లో సగానికి పైగా రక్షణ రంగానికే వెళ్ళేవి. ఏ పార్టు ఏ మిస్సైల్లోకి వెళ్తుందో చాలాసార్లు మాకే తెలిసేది కాదు, డ్రాయింగు మీద ఒక నంబరు ఉండేది అంతే. అందుకని కింద రాసింది అందరికీ తెలిసిన విషయాలు, నా టేబుల్ మీద నేను చూసినవి మాత్రమే. అంతకు మించి అడిగినా చెప్పను.

బీడీఎల్ అంటే భారత్ డైనమిక్స్ లిమిటెడ్. 1970లో పెట్టారు. రక్షణ శాఖ కింద నడిచే ప్రభుత్వ కంపెనీ. 2018లో పబ్లిక్ ఇష్యూకి వచ్చింది కాబట్టి కొంత వాటా జనం చేతిలో ఉంది, మిగతా ముప్పావు వంతు దాకా ఇప్పటికీ ప్రభుత్వానిదే. మొదట చేసింది మన మిస్సైల్ కాదు. ఫ్రాన్స్ లైసెన్సుతో ఎస్ఎస్-11 అనే ట్యాంకు విధ్వంసక క్షిపణి. తర్వాత మళ్ళీ ఫ్రెంచి మిలాన్, ఆ తర్వాత రష్యన్ కొంకూర్స్, ఇన్వార్. అంటే ఈ కంపెనీ చెయ్యి తిరిగింది ఇతరుల డ్రాయింగుల మీద. అదేం తక్కువ సంగతి కాదు. ఇంకొకరి డ్రాయింగు చూసి వేల సంఖ్యలో ఒకేలా చెయ్యడం నేర్చుకున్నాకే మన సొంత డిజైన్లు వచ్చినప్పుడు వాటిని ఫ్యాక్టరీ లైను మీదికి ఎక్కించగలిగారు.

సొంత డిజైన్ల కథ 1983లో మొదలైంది. అప్పుడు డీఆర్‌డీఓ వాళ్ళ మిస్సైల్ ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కి డైరెక్టరుగా ఉన్న అబ్దుల్ కలాం గారి నాయకత్వంలో పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అని ఐదు ప్రాజెక్టులు ఒకేసారి ఎత్తుకున్నారు. డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్ఎల్ అనే మూడు డీఆర్‌డీఓ ప్రయోగశాలలూ మీ కాంచన్‌బాగ్ వైపే. ప్రత్యేక లోహాలు చేసే మిధాని కూడా అక్కడే. ఒవైసీ జంక్షన్ ఫ్లైఓవర్‌కి కలాం గారి పేరు పెట్టింది ఊరికే కాదు. టీవీలో చూపించే ప్రయోగాలు ఎక్కువగా ఒడిశా తీరంలో జరుగుతాయి. అప్పటికి ఆ మిస్సైల్ ఇంకా డిజైను దశలో ఉండొచ్చు, అందుకే డీఆర్‌డీఓ పేరు వినిపిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పరీక్ష విజయవంతమైందంటే రేపే ఫ్యాక్టరీలో తయారవుతుందని కాదు. ఆకాశ్‌నే చూడండి. ప్రాజెక్టు మొదలైంది 1983లో, తొలిసారి గాల్లోకి లేచింది 1990లో. వైమానిక దళం తొలి ఆర్డరు ఇచ్చింది 2008లో. సైన్యంలోకి, వైమానిక దళంలోకి లాంఛనంగా చేరింది 2015లో. త్రిశూల్ అయితే పరీక్షలు ఎన్నో చేసి కూడా ఉత్పత్తి దాకా రాకుండానే ఆగిపోయింది. ప్రతి ప్రయోగం తర్వాతా మా బావమరిది వాట్సాప్‌లో షేరు ధర పంపిస్తుంటాడు. నేను ఈ తేదీలే తిరిగి పంపిస్తుంటాను. షేరు కొనాలా వద్దా అన్నది నన్నడక్కండి, నా చేతి కింద కొలతలు తప్ప డబ్బులు ఎప్పుడూ ఆడలేదు.

ఇంకో గందరగోళం బ్రహ్మోస్. అది బీడీఎల్‌ది కాదు. రష్యాతో కలిసి పెట్టిన వేరే కంపెనీది. దానికీ హైదరాబాద్‌లో ఇంటిగ్రేషన్ కేంద్రం ఉండటంతో అందరూ కలిపేస్తారు. ఆకాశ్‌లో కూడా మిస్సైల్ బీడీఎల్ చేస్తుంది కానీ, వైమానిక దళానికి మొత్తం వ్యవస్థను రాడార్లతో కలిపి అప్పగించే బాధ్యత బెంగళూరులో ఉన్న ఇంకో ప్రభుత్వ కంపెనీ బీఈఎల్‌ది. సైన్యం ఆర్డరులో ఆ బాధ్యత బీడీఎల్‌దే. ఒకే ఆయుధం, రెండు దారులు.

ఇక లోపల ఏం చేస్తారు?

సినిమాల్లో చూసినట్టు ఒక పెద్ద హాలు, మధ్యలో రాకెట్టు, చుట్టూ నిప్పురవ్వలు అనుకుంటే నిరాశే. మిస్సైల్‌ని సెక్షన్లు సెక్షన్లుగా చేసి చివర కలుపుతారు. ముక్కులో లక్ష్యాన్ని వెతికే సీకరో, పేలుడుని మొదలుపెట్టే ఫ్యూజో, తర్వాత ఎలక్ట్రానిక్స్, పేలుడు పదార్థం ఉండే వార్‌హెడ్, మోటారు, రెక్కల్ని తిప్పే యాక్చుయేటర్లు. ఒక్కో మిస్సైల్లో ఈ వరస మారుతుంది. ఒక్కో సెక్షను ఒక్కో చోటి నుంచి వస్తుంది. ఘన ఇంధనం సంగతే తీసుకోండి. రబ్బరు లాంటి పాలిమర్, అమోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి కలిపి పిండి ముద్దలా చేసి మోటారు కేసులో పోత పోసి గట్టిపడనిస్తారు. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. దాన్ని జనానికి దూరంగా చేస్తారు. డీఆర్‌డీఓకి జగదల్‌పూర్‌లో ప్రత్యేకంగా ఇందుకే ఒక కేంద్రం ఉంది. మన యాదగిరిగుట్ట దగ్గర పెద్దకందుకూరులో ఒక ప్రైవేటు సంస్థ కూడా ఈ పనిలో ఉంది.

బీడీఎల్ పనులు కూడా ఒక్క కాంచన్‌బాగ్‌లోనే జరగవు. సంగారెడ్డి జిల్లా భానూర్‌లో ఒక యూనిట్, విశాఖలో నీటి అడుగున పేలే టార్పెడోల యూనిట్ ఉన్నాయి. విశాఖలో ఎందుకంటే వాటిని డిజైన్ చేసే నౌకాదళ ప్రయోగశాల అక్కడే ఉంది. వరుణాస్త్ర అక్కడిదే. కొంకూర్స్ క్షిపణిని పేల్చే బీఎంపీ అనే సైనిక కవచ వాహనం తయారయ్యేదీ అదే సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో. సంగారెడ్డి పటాన్‌చెరు వైపు బస్సెక్కిన మనిషికి ఈ సంగతి తట్టదు, కానీ ఒక యుద్ధానికి కావలసిన సరంజామా సగం ఆ రోడ్డు పక్కనే ఉంది.

నన్నడిగితే ఈ పని మొత్తానికీ ప్రాణం ఒక్క మాటలో ఉంది. మిస్సైల్‌ని తయారు చేసినవాడు దాన్ని పరీక్షించి చూడలేడు. బండి తయారు చేస్తే ఒక రౌండు నడిపి చూస్తారు. ఫ్యాను చేస్తే తిప్పి చూస్తారు. మిస్సైల్‌ని పేల్చి చూస్తే అమ్మడానికి ఏమీ మిగలదు. 2021లో సైన్యం 4,960 మిలాన్-2టీ క్షిపణులకు రూ.1,188 కోట్లతో బీడీఎల్‌తో ఒప్పందం చేసుకుంది. భాగించి చూడండి, ఒక్కోటి సుమారు 24 లక్షలు. ఒక్కో లాట్‌కి, అంటే ఒక విడతలో చేసిన సరుకుకి, కొన్ని తీసి నిజంగా పేల్చి చూస్తారు. మిగతావన్నీ నమ్మకం మీద డిపోకి వెళ్తాయి. అక్కడ ఏళ్ళ తరబడి పెట్టెలో పడుంటాయి. ఏదో ఒక రోజు రాజస్థాన్ ఎండలోనో లద్దాఖ్ చలిలోనో ఒక సైనికుడు బటన్ నొక్కుతాడు. ఆ ఒక్కసారీ పని చెయ్యాలి. రెండో ఛాన్స్ ఉండదు.

ఆ నమ్మకాన్ని కాగితాల మీద, కొలతల మీద కడతారు. అందుకే ఈ రంగంలో తయారీ కన్నా తనిఖీకే ఎక్కువ సమయం పడుతుందనిపిస్తుంది.

కొంకూర్స్, మిలాన్ లాంటివి తీగతో నడుస్తాయి. పేల్చిన సైనికుడు టార్గెట్ మీద గురి నిలిపి ఉంచితే చాలు, దిద్దుబాటు సంకేతాలు వెంట్రుకంత సన్నని తీగ గుండా మిస్సైల్‌కి వెళ్తాయి. కొంకూర్స్ పరిధి 4 కిలోమీటర్లు, వేగం సెకనుకు 200 మీటర్లకు పైనే. ఆ వేగంతో తీగ చుట్ట విప్పుకుంటూ పోవాలి. చుట్టేటప్పుడు ఎక్కడైనా ఒక చుట్టు మీద ఇంకోటి అడ్డంగా పడిందనుకోండి, గాల్లో చిక్కుపడి తీగ తెగుతుంది, మిస్సైల్ నేలను గుద్దుకుంటుంది. చుట్టే మనిషి చేతిలో అంత పని ఉంది. మగ్గం నేసేవాళ్ళకి చెప్తే వెంటనే అర్థమవుతుంది, ఇంజినీర్లకి రెండుసార్లు చెప్పాలి.

మా షాపులో జరిగిన రెండు సంగతులు చెప్తాను.

ఒకసారి 40 పీసుల లాటు పూర్తయింది. ఓ-రింగ్ అనే సీలు రింగు కూర్చునే గాడి ఉన్న హౌసింగులు. కొలతలన్నీ సీఎంఎం అనే కొలత యంత్రం మీద సరిగ్గా వచ్చాయి. ఉపరితలం నున్నదనం కూడా డ్రాయింగులో ఉన్నట్టే ఉంది. పంపబోతుంటే హీట్ ట్రీట్‌మెంట్ సర్టిఫికెట్ మీద ఉన్న హీట్ నంబరుకీ (లోహం ఏ పోతలోదో చెప్పే నంబరు), మెటీరియల్ సర్టిఫికెట్ మీద ఉన్నదానికీ ఒక అంకె తేడా కనపడింది. టైపు చేసినవాడి పొరపాటై ఉంటుందని అందరికీ తెలుసు. మా ఓనరు నా టేబుల్ దగ్గర నిలబడి, "ఒక్క అంకె సార్, దిద్దేస్తే పోతుంది" అన్నారు. దిద్దలేదు. ఆ కాగితం తిరిగి వెళ్ళి, హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళ చార్టులు తెప్పించి, మిగిలిన కడ్డీ ముక్కతో హార్డ్‌నెస్ మళ్ళీ చూసి, కస్టమరు తరపు ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టేసరికి 19 రోజులు పట్టింది. ఆ నెల మా జీతాలు ఆలస్యమయ్యాయి. కోపం నా మీదే. సరే, భోజనాల దగ్గర ఒక వారం నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఎందుకంత పట్టుదల అంటే, పదేళ్ళ తర్వాత ఎక్కడో ఒకటి పేలకపోతే, అదే కడ్డీతో చేసినవి ఇంకా ఏ ఏ మిస్సైళ్ళలో ఉన్నాయో వెతికి పట్టుకోవాలంటే ఆ నంబరు ఒక్కటే ఆధారం. నంబరు తప్పైతే డిపోలో ఉన్న సరుకంతా అనుమానమే.

రెండోది నాకు ఇష్టమైన సంగతి. డిప్లొమా అయిపోయి ఆరు నెలలైన ఒక కుర్రాడు ఉండేవాడు, వరంగల్ వైపువాడు. ఒక మధ్యాహ్నం బెంచి మీద నుంచి ఒక పార్టు కింద పడేశాడు. గీత కూడా పడలేదు. ఎవరూ చూడలేదు. తుడిచి పెట్టేస్తే ఏ కొలతలోనూ దొరకదు. వాడు దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "సార్, ఇది కింద పడింది" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి, ఉద్యోగం పోతుందన్న టెన్షన్. ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టాం. చివరికి ఆ పీసు స్క్రాప్ అయింది. ఆ రోజు ఓనరు ఏమీ అనలేదు. ఆ కుర్రాడే ఇప్పుడు వేరే చోట క్వాలిటీ హెడ్డు.

మీ ఇంటి సంగతి. ప్రమాదం సున్నా అని ఎవరూ చెప్పలేరు, చెప్తే నమ్మకండి. కానీ మిస్సైల్ దానంతట అది పేలిపోయే వస్తువు కాదు. మోటారు అంటుకోవాలంటే ఇగ్నైటర్‌కి కరెంటు అందాలి. వార్‌హెడ్ పేలాలంటే దాని ముందున్న సేఫ్టీ మెకానిజం విడివడాలి, అది ప్రయోగంలో వచ్చే కుదుపు, ప్రయాణించిన దూరం లాంటివి చూసుకునిగానీ విడివడదు. కొంకూర్స్‌కి కనీస పరిధి 75 మీటర్లని పెట్టడానికి ఇదీ ఒక కారణం, పేల్చినవాడి ముఖం మీదే పేలకూడదు కదా. పేలుడు పదార్థాలు ఉండే భవనాల్లో ఎంత సరుకు ఉండాలి, ఎంతమంది లోపలికి వెళ్ళాలి, పక్క భవనానికి ఎంత దూరం ఉండాలి అన్నవి లెక్క ప్రకారం తలుపు మీదే రాసి ఉంటాయి. చుట్టూ మట్టి గట్లు పోస్తారు. పేలినా తాకిడి పక్కకి పాకకుండా పైకి పోవాలని.

చూసుకోవలసిన కాగితం ఇది: రక్షణ సంస్థల చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టే చట్టం 1903 నుంచీ ఉంది. గోడకి దగ్గరలో ఉన్న స్థలాలకి మున్సిపల్ పర్మిషన్‌తో పాటు ఎన్‌ఓసీ కావాలంటారు. ఇల్లు కొన్నప్పుడు బిల్డరు ఆ ఎన్‌ఓసీ చూపించాడా? చూపించకపోతే ఇప్పుడైనా ఒకసారి టౌన్ ప్లానింగ్ ఆఫీసులో కనుక్కోండి. మీ ఇంటికి నాకు కనిపించే ముప్పు మిస్సైల్ వల్ల కన్నా ఆ కాగితం లేకపోవడం వల్లే. పై అంతస్తు వేద్దామనుకున్న రోజున తెలుస్తుంది.

ఇక మీ అబ్బాయి. డిప్లొమా వాళ్ళకి ఇలాంటి ప్రభుత్వ కంపెనీల్లో మొదటి మెట్టు అప్రెంటిస్‌షిప్. ఆ తర్వాత ప్రాజెక్టు పేరు మీద కొన్నేళ్ళ కాంట్రాక్టు పోస్టులు పడుతుంటాయి. రెగ్యులర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అప్రెంటిస్‌షిప్ చేసినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు. ఇది ముందే చెప్పండి వాడికి. నోటిఫికేషన్ కంపెనీ సొంత వెబ్‌సైట్లో పడుతుంది. మధ్యలో ఎవరైనా "లోపల మనవాళ్ళున్నారు, రెండు లక్షలిస్తే" అన్నారంటే వాడు మోసగాడు. కాంచన్‌బాగ్ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర ఇలాంటివాళ్ళు తగులుతారు, జాగ్రత్త. చేరేముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది కాబట్టి వాడి మీద చిన్న గొడవ కేసులాంటివి లేకుండా చూసుకోవాలి. సోషల్ మీడియాలో ఫొటోలు పెట్టే సరదా ఉంటే అది గేటు బయటే వదిలెయ్యాలి, ఫోనుతో పాటు.

బీడీఎల్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. బాలానగర్, చర్లపల్లి, ఆదిభట్ల వైపు ఈ రంగానికి పార్టులు చేసే షాపులు చాలా ఉన్నాయి. జీతం మొదట్లో తక్కువే. ప్రభుత్వ ఆర్డరు ఆలస్యమైతే ఓనరు చేతులు కట్టేసినట్టవుతుంది, మా జీతాలు ఆగిన నెలలు నాలుగైదు గుర్తున్నాయి. కానీ రెండేళ్ళు అలాంటి షాపులో ఇన్‌స్పెక్షన్‌లో కూర్చుంటే వచ్చే చెయ్యి ఏ కాలేజీలోనూ రాదు. ఆ చెయ్యి ఉన్నవాణ్ణి విమాన విడిభాగాల వాళ్ళు, మెడికల్ పరికరాల వాళ్ళు కూడా తీసుకుంటారు.

వాడికి సరిపోతుందా లేదా అన్నది ఇప్పుడే తెలుసుకోవచ్చు. కాలేజీ మెట్రాలజీ ల్యాబులో ఒక షాఫ్ట్ తీసుకుని మైక్రోమీటరుతో పది చోట్ల కొలిచి రాయమనండి. మర్నాడు మొదటి రోజు కాగితం చూడకుండా మళ్ళీ అవే పది చోట్ల కొలవమనండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు కలిశాయా లేదా అన్నది రెండో సంగతి. కలవని చోట వాడు ఎందుకు కలవలేదో వెతికాడా, లేక మొదటి రోజు అంకె చూసి రెండోదాన్ని దిద్దాడా అన్నది నాకు రాయండి. అప్పుడు చెప్తాను బాలానగర్‌లో ఎలాంటి షాపులో అడగాలో.